నిసార్ గారిచ్చిన తొడుగులు

చల్లపల్లిలో పురుగుమందుల షాపు నిసార్ అహ్మద్ గారికి ఒక అలవాటుంది. డబ్బా చేతికిచ్చి ఊరుకోరు, దానితో పాటు ఒక ఉపన్యాసం కూడా ఇస్తారు. మా ఆయన వెంకటకృష్ణారావు గారికి ఆయనంటే గురి. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేక ఈసారి నన్ను పంపారు. వరి కోతలకు ముందే, చేలో పదును ఆరకుండా మినుములు చల్లెయ్యాలి. చల్లేముందు విత్తనానికి తెగులు సోకకుండా థైరమ్ పొడి పట్టించాలి. ఆ పొడి కోసమే వెళ్ళాను.

ఉపన్యాసం మొదలైంది. చేత్తో కలపకూడదట. మూతున్న డ్రమ్ములో వేసి దొర్లించాలట. ముక్కుకి అడ్డం కట్టుకోవాలట, అయిపోయాక సబ్బుతో స్నానం చేసి బట్టలు విడిగా ఉతుక్కోవాలట. నేను బస్సు టైము చూసుకుంటున్నాను. ఆయన కౌంటర్ కింద వెతికి ఒక జత చేతి తొడుగులు తీశారు. నీలంరంగువి, దళసరివి, మోచేతి దాకా వచ్చేవి. ఊరికే ఇస్తున్నాను, కలిపేవాడి చేత తప్పకుండా తొడిగించమన్నారు. వాటిని సంచిలో వేసుకుని కదలబోతుంటే వెనక్కి పిలిచారు.

"అసలు సంగతి ఇదమ్మా. ఈ పొడి కలిపినోళ్ళు కొన్నాళ్ళ పాటు చుక్క ముట్టకూడదు. ఇది ఒంట్లోకి వెళ్ళాక తాగితే ప్రాణం మీదికొస్తది. మీ మనిషికి గట్టిగా చెప్పండి."

నాకు నవ్వొచ్చింది. "మా చక్రి భవానీ మాలలో ఉన్నాడండీ. మంచినీళ్ళు కూడా దణ్ణం పెట్టుకుని తాగుతున్నాడు" అన్నాను. ఆయనా నవ్వి ఊరుకున్నారు.

చక్రి మా పాలేరు. పనికి రాక్షసుడు, తాగుడుకి అంతకన్నా పెద్ద రాక్షసుడు. వాడి తాగుడు భరించలేక పెళ్ళాం శివపార్వతి పుట్టిల్లు మంగళగిరి వెళ్ళిపోయి అక్కడ చేనేత చీరల కొట్లో పనికి కుదిరింది. ఈ కార్తీకంలో వీడికి ఏం బుద్ధి పుట్టిందో, మా ఊరి గురుభవాని వెంకటప్పయ్య గారి చేత దుర్గమ్మ మాల వేయించుకున్నాడు. ఎర్ర పంచె, ఎర్ర కండువా, కాళ్ళకి చెప్పుల్లేవు. 'ఒరేయ్ చక్రీ' అని అరిచే అలవాటున్న నేను 'భవానీ' అని పిలవాల్సి వచ్చి నాలుక మడత పడేది. శివపార్వతి కొట్లో సెలవు పెట్టి వచ్చి వాడికి భిక్ష వండి పెడుతోంది. వస్తూనే తెగేసి చెప్పింది: కొండెక్కి అమ్మవారికి ఇరుముడి ఇచ్చేదాకా చుక్క ముట్టకపోతే ఇక్కడే కాపురం ఉంటాను, ముడితే ఈ జన్మలో నా మొహం చూడవు. వాడు ఆ మాటని మాలతో పాటే మెడలో వేసుకు తిరిగాడు.

ఇప్పుడు తొడుగుల సంగతి చెప్పాలి. ఇంకో పది రోజుల్లో విజయవాడలో మా ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశం. నా నెత్తి చూస్తే పత్తి చేను. రంగు పెట్టెలో వచ్చే తొడుగులు ఉల్లిపొరల్లా ఉంటాయి, వేలు దూర్చగానే చిరుగుతాయి. పోయినసారి గోళ్ళన్నీ నల్లబడి, "ఏం వదినా, బొగ్గుల కొట్టు పెట్టావా" అని ఆ ఆడపడుచే నలుగురిలో ఆడిపోసుకుంది. సంచిలోంచి నిసార్ గారి తొడుగులు తీసి చూస్తే నా చేతికి కుట్టించినట్టున్నాయి. ముందు నేను వాడుకుని, కడిగి వాడికిద్దామనుకున్నాను. అనుకున్నానో, ఇప్పుడు అలా అనుకుంటున్నానో, అదీ సరిగా చెప్పలేను.

తలకి రంగు పట్టించుకుని ఆరడానికి అరుగు మీద కూర్చున్నాను. వాకిట్లో పట్టా పరిచి చక్రి మినుములు కుమ్మరించాడు. పొడి జల్లి, నీళ్ళు చిలకరించి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి కలుపుతున్నాడు. మధ్యమధ్య పట్టా మీదికెక్కి కాళ్ళతో తిరగేస్తున్నాడు. తుమ్ముతున్నాడు. కొడవలి గాటు ఉన్న చోట మండుతోందని, చేతికి చుట్టుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగాడు.

రంగంటిన తొడుగులు పెరట్లోనే ఉన్నాయి, లేచి కడగబుద్ధి కాలేదు. "పొడేగా భవానీ, కడుక్కుంటే పోద్ది" అన్నాను.

నిసార్ గారు చెప్పిన చుక్క మాట కూడా వాడికి చెప్పలేదు. తాగనివాడికి ఆ మాట ఎందుకనుకున్నాను. వాడు మాకే కాదు, పక్క చేలవాళ్ళకి కూడా రెండు మూడు రోజులు అలాగే కలిపి పెట్టాడు.

మా చేలో మినుములు చల్లిన రోజు మధ్యాహ్నం భిక్ష చేసి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కడుపు బరువుగా ఉందన్నాడు. మా ఇంట్లో అరగనివాడికీ, ఆకలి లేనివాడికీ, బాలింతకీ ఒకటే వైద్యం: ద్రాక్షారిష్టం. మా అత్తగారి కాలం నుంచీ ఆ సీసా దేవుడి అలమర పక్కనే ఉంటుంది. దీక్షలో తాగొచ్చా అని వాడు సందేహించాడు కూడా. ద్రాక్షపళ్ళ రసంరా, ఆయుర్వేదం, ప్రసాదంతో సమానం అని నేనే బలవంతం చేశాను. మూతతో కొలిచి పొయ్యాలి. నా చెయ్యి పెద్దదని ఊళ్ళో పేరు గదా, స్టీలు గ్లాసులో సగానికి పోశాను. కళ్ళకద్దుకుని తాగాడు.

నేను సీసా లోపల పెట్టి వచ్చేసరికే వాడి మొహం మారిపోయింది. చెవుల దాకా ఎర్రగా కందిపోయింది, కళ్ళు నిప్పులయ్యాయి. గుండె దడదడలాడుతోందంటూ రొమ్ము పట్టుకున్నాడు. భళ్ళున కక్కుకుని పక్కకి ఒరిగిపోయాడు. మా ఆయన గోడ పట్టుకుని వచ్చి వాడి మొహం దగ్గర వాసన చూశారు. "తాగాడే వీడు" అన్నారు.

అంతే, నాకు పూనకం వచ్చింది. నేనే పోసిన గ్లాసు అక్కడే అరుగు మీద ఉంది, అయినా నా బుర్రకి తట్టలేదు. "మాలలో ఉండి తాగొచ్చావట్రా దరిద్రుడా, ఆ తల్లి నిన్ను ఊరికే వదులుతుందా" అని వీధి వీధంతా వినేట్టు కేకలు పెట్టాను. వాడు నేల మీద పడి, "అమ్మవారి మీద ఒట్టండీ, నేను తాగలేదండీ" అని గొణుగుతూనే ఉన్నాడు. కోతలకొచ్చిన ఆడవాళ్ళు పరుగున వచ్చారు. వాళ్ళకి వాడి గొణుగుడు వినపడలేదు, నా కేకలే వినపడ్డాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటితో వాడి ఊరిని పాడు చేశాను.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బీపీ పడిపోయిందన్నారు, సెలైన్లు పెట్టారు, ఒక రాత్రంతా చెప్పలేమన్నారు. ఏం తాగాడని డాక్టరమ్మ అడిగితే, మందుబాబేనండీ అని తలా ఒక మాట చెప్పారు. గుండెకి ఏవో తీగలు అంటించాలని నర్సు వాడి మాల తీసి శివపార్వతి చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. వాడు గండం గడిచి కళ్ళు తెరిచేదాకా పక్కనే కూర్చుని, మాలని దిండు కింద పెట్టి, మంగళగిరి బస్సెక్కేసింది.

అప్పటికి నాకు నిజంగా తెలియదు. తెలిశాక చేసిందే అసలు పాపం.

తర్వాత మా ఆయన పంపితే నేనే మళ్ళీ నిసార్ గారి షాపుకి వెళ్ళాల్సి వచ్చింది. చక్రి సంగతి ఆయన చెవినా పడింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి మెల్లగా అడిగారు.

"మాలలో ఉన్నోడు తాగాడంటే నేన్నమ్మనమ్మా. దగ్గు టానిక్ గానీ, అరిష్టం గానీ ఏమన్నా పట్టించారా? వాటిల్లో కూడా ఆల్కహాలు ఉంటది. ఆ పొడి మీద అది చాలు."

స్టీలు గ్లాసు కళ్ళముందు కదిలింది. తెలియదండీ అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నా నోట్లోంచి! ఇంటికొచ్చి సీసా తిప్పి చూశాను. కళ్ళజోడు పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో, తయారీలో దానంతటదే పుట్టిన ఆల్కహాలు ఉంటుందని రాసి ఉంది. మూత తీసి వాసన చూశాను. ఇన్నేళ్ళూ అది నాకు వైద్యం వాసన. ఆ రోజు మాత్రం చక్రి పాత రోజుల్లో మీదికి వంగి మాట్లాడితే వచ్చే వాసన వచ్చింది.

మా ఆయనకి చెప్పాను. "బతికాడుగా. ఇప్పుడు చెప్తే ఊరంతా మన మీద పడుద్ది, కేసులంటారు. నాలుగు రోజులు పోతే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, భయస్తులు. నాకు కావలసిన మాట కూడా అదే కాబట్టి, మొగుడి మాట వినే ఇల్లాలిలా నోరు మూసుకున్నాను. జన్మలో మొదటిసారి విన్నాను ఆయన మాట.

తేలు కుట్టిన దొంగలా తిరిగాను ఇల్లంతా. అన్నం సయించలేదు. చక్రి పనిలోకి రాలేదు, అడగడానికి నాకు మొహం లేదు.

గృహప్రవేశం రోజు తెల్లవారుజామున విజయవాడ వెళుతూ, ఆటోలోంచి భవానీల పందిరి చూశాను. ఆ సాయంత్రమే ఇరుముడులు కట్టి, మర్నాడు కొండకి బయల్దేరతారు. పందిట్లో ఎర్రబట్టల్లో అందరూ భజన చేస్తున్నారు. రోడ్డుకి ఇవతల, మూసి ఉన్న బడ్డీకొట్టు బల్ల మీద, గళ్ళ లుంగీ కట్టుకుని చక్రి ఒక్కడే కూర్చున్నాడు. మాల తప్పినవాణ్ణి లోపలికి రానివ్వలేదు. వాడి పెదాలు కదులుతున్నాయి, భజన వాడూ పాడుతున్నాడు.

విజయవాడలో మా ఆడపడుచు నన్ను చూసి, "వదినా, పదేళ్ళు తగ్గావు! ఈసారి గోళ్ళు కూడా శుభ్రంగా ఉన్నాయే" అంది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది నా చేతుల్ని. పులిహోర ముద్ద విస్తట్లోనే వదిలేశాను. విస్తరి ముందు నుంచి లేచి, ఎవరికీ చెప్పకుండా బెంజ్ సర్కిల్ దగ్గర మంగళగిరి బస్సెక్కాను.

శివపార్వతి కొట్లో చీరలు మడతపెడుతోంది. పక్కకి పిలిచి అరిష్టం సంగతంతా చెప్పాను. నేనే పోశానని, వద్దన్నా బలవంతం చేశానని, నిసార్ గారితో అబద్ధమాడానని. ఆ పిల్ల చీర మడత ఆపకుండా విన్నది. చక్రిని వెనకేసుకొచ్చి మళ్ళీ పనిలో పెట్టుకోడానికి కథ అల్లుతున్నారా అని అడిగింది. కాదని ఒట్టేశాను. షాపాయన్ని అడిగాకే నమ్ముతానంది. యజమానిని బతిమాలి పర్మిషన్ తీసుకుని నాతో బస్సెక్కింది. చల్లపల్లిలో దిగి తిన్నగా షాపుకి నడిచింది.

నిసార్ గారు అంతా విని నా వంక ఒకసారి చూశారు. మొన్న తెలియదన్నారు కదా అని అనలేదు, అది ఆయన మర్యాద. ఆ పొడీ, ఆ అరగ్లాసూ కలిస్తే అలాగే అవుతుందని, అందులో చక్రి తప్పేమీ లేదని శివపార్వతికి విడమరిచి చెప్పారు. చెప్పి, "అందుకేగా తొడుగులు కూడా ఇచ్చాను, వేసుకోలేదా అతను?" అన్నారు.

ఇరుముడికి టైమైపోతోంది పదమ్మా అని నేను మెట్లు దిగేశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎండ లేకపోయినా పైట తీసి తల మీద కప్పుకున్నాను. ఆ అరిష్టం సంగతి ఎంతమందికైనా చెప్పగలను. ప్రేమతో చేసిన పొరపాటు అది, చెబితే నలుగురూ అయ్యో అంటారు. తొడుగుల సంగతికి ఎవరూ అయ్యో అనరు.

పందిరి దగ్గర చక్రి ఇంకా ఆ బల్ల మీదే ఉన్నాడు. శివపార్వతిని చూసి లేచి నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. నేను వాణ్ణి వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, వెంకటప్పయ్య గారి ముందు, ఊరి వాళ్ళందరి ముందు చెప్పాను. ఆరోజు ఎంత గొంతుతో తిట్టానో అంత గొంతుతో చెప్పాను. వాడు తాగలేదు, నేను పోశాను, అది కూడా అరుగుదలకి మందని చెప్పి పోశాను.

అందరూ చక్రి వంక చూశారు. వాడి మొహం వికసిస్తుందనుకున్నాను. వాడు కిందికి చూస్తూ నిలబడ్డాడు.

"అయితే అందులో చుక్క ఉన్నట్టేనాండీ, అమ్మగారూ?" అన్నాడు. "చుక్క కూడా ముట్టలేదని అమ్మవారి మీద ఒట్టేశానండీ. ఊరు నమ్మకపోయినా ఆ తల్లికి తెలుసులే అనుకుని బతికానండీ ఇన్నాళ్ళూ."

ఊళ్ళో పరువు తిరిగిద్దామని వచ్చి, వాడికి మిగిలిన ఆ ఒక్క నమ్మకాన్నీ కూడా లాక్కున్నాను.

వెంకటప్పయ్య గారు లేచి వచ్చి వాడి భుజం మీద చెయ్యేశారు. తెలియక లోపలికి పోయినది దోషం కాదన్నారు. ఒట్టు నాలుకది కాదు, మనసుది, నీ మనసు తప్పలేదు అన్నారు. మాల ఆసుపత్రి వాళ్ళు తీశారు గానీ వీడు తియ్యలేదని చెప్పి, పసుపునీళ్ళు చల్లి, వాడు ఇంట్లో దాచుకున్న మాలని శివపార్వతి చేత తెప్పించి మళ్ళీ వేశారు. జై భవానీ అని పందిరంతా అరిచింది. చక్రి ఏడ్చాడు. ఆడవాళ్ళు నా చుట్టూ చేరి, పాపం ప్రేమగా ఇచ్చింది, ఆవిడకి మాత్రం ఏం తెలుసు, ఇలా వచ్చి చెప్పడానికి ఎంత గుండె కావాలి అన్నారు. సిగ్గులేదు చూడండి నాకు, ఆ మాటలకి ప్రాణం హాయిగా ఉంది. గండం గట్టెక్కిందనుకున్నాను.

శివపార్వతి చక్రి అరచేతులు తిప్పి చూస్తోంది. వేళ్ళ సందుల్లో చర్మం పొరలు పొరలుగా ఊడి, కొడవలి గాటు చుట్టూ పుండు పడింది. అక్కడి నుంచే తలెత్తి అడిగింది.

"షాపాయన తొడుగులు ఇచ్చాడంట గదండీ. అవేమైనయ్యండీ?"

పోయాయనొచ్చు. ఇంట్లో మర్చిపోయాననొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది అబద్ధం. చక్రి కూడా నా వంకే చూస్తున్నాడు. 'పొడేగా, కడుక్కుంటే పోద్ది' అన్న మాట ఇద్దరికీ గుర్తొచ్చింది.

"నేను వాడుకున్నాను. తలకి రంగేసుకోడానికి" అన్నాను.

పైట ఎప్పుడు జారిందో జారింది. శివపార్వతి నా జుట్టు చూసింది.

వెంకటప్పయ్య గారు ఇరుముడి సంచి తెచ్చి చక్రి చేతికిచ్చారు. అయినవాళ్ళందరూ తలా గుప్పెడు బియ్యం వెయ్యాలి. శివపార్వతి వేసింది. తర్వాత మీరు వెయ్యండమ్మా అని ఆయన నన్ను పిలిచారు. చక్రి సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు, కాదనలేదు. ఊడిపోతున్న ఆ వేళ్ళ మధ్య నా గుప్పెడు తెరిచాను. గోళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి, ఒక్క మరక లేదు.